రెండు ఏడు శాతాలు: 2022 ఏప్రిల్, 2023 జులై ద్రవ్యోల్బణాలపై ఒక కేస్ స్టడీ

2022 ఏప్రిల్‌లో మన దేశంలో చిల్లర ద్రవ్యోల్బణం 7.79 శాతం. 2023 జులైలో అది 7.44 శాతం. పత్రికల శీర్షికల్లో రెండూ ఒకే తీవ్రతతో కనిపించాయి, ఇంటి ఖర్చు చూసుకునేవారికీ పెద్ద తేడా తెలిసి ఉండదు. కానీ మొదటిసారి రిజర్వు బ్యాంకు ఆ గణాంకం వెలువడక ముందే, క్యాలెండరులో లేని సమావేశం పెట్టి మరీ రెపో రేటు (బ్యాంకులకు తానిచ్చే స్వల్పకాలిక అప్పుపై వసూలు చేసే వడ్డీ) పెంచింది, ఆ తర్వాత తొమ్మిది నెలల్లో దాన్ని 4 శాతం నుంచి 6.50 శాతానికి తీసుకెళ్లింది. రెండోసారి ఒక్క బేసిస్ పాయింటు (ఒక శాతంలో నూరోవంతు) కూడా కదల్చలేదు. ఒకే జబ్బుకు ఒకసారి మందు ఇచ్చి మరోసారి ఇవ్వకుండా పంపినట్టు కనిపించే ఈ రెండు నిర్ణయాలను పక్కపక్కన పెట్టి పరిశీలించడమే ఈ అధ్యయనం ఉద్దేశం.

నేను బ్యాంకు ఉద్యోగిని. రాయలసీమలోని శాఖల్లో పంట రుణాలు, గృహ రుణాలు చూసిన తర్వాత ప్రాంతీయ కార్యాలయంలో రుణ ప్రణాళిక విభాగానికి వచ్చాను. వడ్డీ రేట్లు ఎటు కదలవచ్చో అంచనా వేసి పై అధికారులకు నోట్ తయారుచేయడం అక్కడ నా పనుల్లో ఒకటి. 2023 జులై ఆఖరి వారంలో రాసిన నోట్ మొదటి ప్రతిలో, ఆగస్టులో కాకపోయినా అక్టోబరులోనైనా రెపో రేటు కనీసం 25 బేసిస్ పాయింట్లు పెరుగుతుందని రాశాను. ఆ ప్రతిని నేనే వెనక్కి తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానన్నదే ఈ కేసుకు కేంద్రం.

చట్టం ఏం చెబుతోంది

2016లో రిజర్వు బ్యాంకు చట్టానికి చేసిన సవరణతో ద్రవ్య విధానానికి మొదటిసారి చట్టబద్ధంగా ఒక అంకె రూపంలో లక్ష్యం ఏర్పడింది. వినియోగదారు ధరల సూచీ ఆధారంగా లెక్కించే ద్రవ్యోల్బణం 4 శాతం ఉండాలి, అటు 6 శాతం దాటకుండా, ఇటు 2 శాతం కంటే దిగకుండా చూడాలి. ఆరుగురు సభ్యుల ద్రవ్య విధాన కమిటీ రెపో రేటును ఓటుతో నిర్ణయిస్తుంది. వారిలో ముగ్గురు రిజర్వు బ్యాంకు వారు, ముగ్గురు ప్రభుత్వం నియమించే బయటి వారు. వరుసగా మూడు త్రైమాసికాలు సగటు ద్రవ్యోల్బణం పరిమితి దాటితే రిజర్వు బ్యాంకు విఫలమైనట్టు లెక్క. అప్పుడు కారణాలనూ, తీసుకోబోయే చర్యలనూ, లక్ష్యానికి తిరిగి చేరడానికి పట్టే కాలాన్నీ వివరిస్తూ కేంద్ర ప్రభుత్వానికి నివేదిక పంపాలి. 2022 జనవరి నుంచి సెప్టెంబరు వరకు సరిగ్గా ఇదే జరిగింది. ఆ నివేదిక రూపకల్పన కోసం కమిటీ 2022 నవంబరు 3న ప్రత్యేకంగా సమావేశమైంది.

ఈ సూచీ అమరికను గమనించకుండా మిగతా కేసు అర్థం కాదు. ఈ రెండు సందర్భాల్లోనూ అమల్లో ఉన్నది 2012 ఆధార సంవత్సరంగా ఉన్న శ్రేణి. అందులో ఆహార, పానీయాల వాటా 45.86 శాతం. పల్లెలకు విడిగా చూస్తే అది 54 శాతం దాటుతుంది, పట్టణాలకు 36 శాతం చిల్లర. కూరగాయల వాటా 6.04 శాతం. టమాటా, ఉల్లి, బంగాళాదుంప మూడూ కలిపితే 2.2 శాతం, టమాటా ఒక్కదానికి 0.57 శాతం. అంటే నూరు రూపాయల సగటు ఇంటి ఖర్చులో టమాటాకు అర్ధ రూపాయి కంటే కొంచెం ఎక్కువ పోతుందన్నమాట. ఆ అర్ధ రూపాయి ఎంత దూరం లాగగలదో ముందు చూద్దాం.

మొదటి ఏడు: మూడు దారులు కలిసిన చోటు

2022 వసంతంలో ధరలు పెరగడానికి కారణం యుద్ధమని చాలామంది అంటారు. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌పై దాడి మొదలుపెట్టాక ముడిచమురు పీపా ధర 100 డాలర్లు దాటింది. మన ఇళ్లలో వాడే పొద్దుతిరుగుడు నూనెకు ఉక్రెయిన్ ప్రధాన వనరు కావడంతో ఆ సరఫరా ఒక్కసారిగా తెగింది. దానికి తోడు ఏప్రిల్ 28 నుంచి ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. ఆంధ్ర, తెలంగాణ పట్టణాల కిరాణా దుకాణాల్లో ఒక కుటుంబానికి ఇన్ని ప్యాకెట్లేనంటూ నూనె అమ్మిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఉత్తర భారతంలో మార్చిలోనే వడగాడ్పులు వీచి గోధుమ గింజ గట్టిపడక ముందే ఎండిపోయింది. మే 13న కేంద్రం గోధుమ ఎగుమతులను నిషేధించింది.

ఇవన్నీ సరఫరా కారణాలు. అయితే ద్రవ్యోల్బణం జనవరిలోనే, అంటే యుద్ధానికి ముందే, 6.01 శాతానికి చేరింది. అంతకుముందు ఏడాది, 2021 ఏప్రిల్ నుంచే టోకు ధరల ద్రవ్యోల్బణం రెండంకెల్లో నడుస్తోంది. ఉక్కు, రసాయనాలు, ప్లాస్టిక్, రవాణా ఖర్చులన్నీ పెరిగినా, కోవిడ్ తర్వాత కొనుగోళ్లు బలహీనంగా ఉన్నందువల్ల తయారీదారులు ఆ భారాన్ని లాభంలో తగ్గించుకుని మోశారు. గిరాకీ కొద్దిగా కోలుకోగానే దాన్ని కొనుగోలుదారుకు బదలాయించడం మొదలుపెట్టారు. సబ్బు ధర పెరగడమే కాకుండా అదే ధరకు సబ్బు బిళ్ల బరువు తగ్గడం ఆ రోజుల్లోనే చూశాం. ఆహారం, ఇంధనం తీసేసి లెక్కించే కీలక ద్రవ్యోల్బణం 6 శాతం చుట్టూ తిష్ఠ వేసింది. టమాటా ధర ఎక్కిన దారినే దిగుతుంది గానీ, ఒకసారి పెరిగిన బడి ఫీజు, క్షౌరశాల రేటు, కూలీ, ఇంటి అద్దె దిగిరావు. కీలక ద్రవ్యోల్బణాన్ని ప్రత్యేకంగా చూసేది ఇందుకే.

మూడో దారి డబ్బు. కోవిడ్ కాలంలో రిజర్వు బ్యాంకు 2020 మే 22న రెపో రేటును 4 శాతానికి తగ్గించి, వ్యవస్థలోకి నిధులను ధారాళంగా వదిలింది. అది అవసరమైన పని, ఆ సమయంలో అలా చేయకపోతే మా శాఖల్లో చిన్న పరిశ్రమల ఖాతాలు సగం మొండి బాకీలయ్యేవని నా నమ్మకం. కానీ 2021 చివరికి బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర పెట్టుకున్న మిగులు నిధులు సగటున 8 లక్షల కోట్ల రూపాయలు దాటాయి. ఆ మిగులుకు దొరికే కనీస వడ్డీ 3.35 శాతమే. అంతేసి డబ్బు వ్యవస్థలో నిలిచి ఉన్నప్పుడు అప్పు చౌకగా ఉంటుంది, డిపాజిట్‌కు విలువ ఉండదు. ఐదున్నర శాతం వడ్డీకి డిపాజిట్ వేసుకున్న పింఛనుదారు ఏడాది తిరిగేసరికి ఏడు శాతం పెరిగిన ధరలను ఎదుర్కొంటే, వడ్డీ చేతికొచ్చినా అసలు విలువ కరిగినట్టే. మా కౌంటర్ల దగ్గర పెద్దవాళ్లు ఈ విషయాన్ని ఏ ఆర్థిక పదజాలమూ లేకుండా మాకు చెప్పేవారు.

ఇక్కడ రిజర్వు బ్యాంకు ఆలస్యం చేసిందనే విమర్శను నేను సమర్థిస్తాను. 2022 ఫిబ్రవరి సమీక్షలో రాబోయే ఆర్థిక సంవత్సరానికి ద్రవ్యోల్బణం 4.5 శాతం ఉంటుందని అంచనా వేశారు. చివరికి తేలింది 6.7 శాతం. ఆ తేడాలో పెద్ద భాగం యుద్ధం వల్లనే, దాన్ని ముందే ఊహించలేదని తప్పుపట్టడం న్యాయం కాదు. కానీ అప్పటి కమిటీలో బయటి సభ్యుడైన జయంత్ వర్మ 2021 ఆగస్టు నుంచే, ఉదార వైఖరిని (వడ్డీని తక్కువగా, డబ్బును ధారాళంగా ఉంచే ధోరణిని) కొనసాగించడంపై విడిగా తన అసమ్మతిని నమోదు చేస్తూ వచ్చారు. సరఫరా దెబ్బ తగిలినప్పుడు అది ఎంత దూరం పాకుతుందనేది, అప్పటికే వ్యవస్థలో ఎంత డబ్బు చౌకగా తిరుగుతోందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఎండిన గడ్డి మీద పడ్డ నిప్పుకూ పచ్చగడ్డి మీద పడ్డ నిప్పుకూ ఉన్న తేడా అది.

2022 ఏప్రిల్ 8న స్టాండింగ్ డిపాజిట్ సదుపాయాన్ని (బ్యాంకులు మిగులు నిధులను రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచుకునే ఏర్పాటు) 3.75 శాతం రేటుతో ప్రవేశపెట్టడం మొదటి అడుగు. పేరుకు రెపో రేటు కదలలేదు గానీ, బ్యాంకుల మిగులు నిధులకు దొరికే కనీస రేటు 40 బేసిస్ పాయింట్లు పెరిగింది కాబట్టి, ట్రెజరీలో కూర్చున్నవారికి ఆ రోజే రేట్లు పెరిగినట్టు లెక్క. మే 4న రెపోను 4.40 శాతానికి, నగదు నిల్వల నిష్పత్తిని (డిపాజిట్లలో బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర తప్పక ఉంచాల్సిన భాగం) 4.50 శాతానికి పెంచుతున్నట్టు ప్రకటించారు. జూన్, ఆగస్టు, సెప్టెంబరుల్లో అర శాతం చొప్పున, డిసెంబరులో 35 బేసిస్ పాయింట్లు, 2023 ఫిబ్రవరి 8న చివరిగా 25 పెంచి 6.50 శాతం దగ్గర ఆగారు.

రెండో ఏడు: మదనపల్లె యార్డు నుంచి

2023 జులైలో జరిగింది వేరు. దాన్ని మదనపల్లె నుంచి చూస్తేనే తేటగా కనబడుతుంది. దేశంలోని అతిపెద్ద టమాటా మార్కెట్లలో ఇది ఒకటి. ఇక్కడి నుంచి, పక్కనే ఉన్న కోలారు నుంచి వేసవి చివర్లో లారీలు దేశమంతటికీ కదులుతాయి. ఆ ఏడాది మార్చి నుంచి మే వరకు ధర ఎంత పడిపోయిందంటే, కోత కూలి, బండి కిరాయి కూడా రావని కొందరు రైతులు కాయను చెట్టు మీదే వదిలేశారు. తోటను మధ్యలోనే దున్నేసినవాళ్లున్నారు. నారు నాటాక మొదటి కోతకు రెండు నెలలకు పైగా పడుతుంది, కాబట్టి ఏప్రిల్‌లో నాటని మొక్క తాలూకు లోటు జులైలో బయటపడుతుంది. దీనికి తోడు కోలారు ప్రాంతంలో ఆకుముడత తెగులు, మహారాష్ట్రలో వైరస్ తెగుళ్లు వచ్చాయి. జూన్ చివరి నుంచి ఉత్తరాదిన కురిసిన భారీ వర్షాలతో హిమాచల్ పంట, దానితోపాటు రోడ్లూ దెబ్బతిన్నాయి. మదనపల్లె యార్డులో మొదటి రకం కాయ కిలో 150 రూపాయలు దాటింది, ఢిల్లీ చిల్లర ధర 200 దాటింది.

ఆ వారాల్లోనే నేను నా నోట్ రాస్తున్నాను. పేపరు తెరిస్తే టమాటా, టీవీ పెడితే టమాటా. ద్రవ్యోల్బణం 7 శాతం దాటుతుందని లెక్కలు చెబుతున్నాయి. కిందటి ఏడాది 7 దాటినప్పుడు కమిటీ ఏం చేసిందో కళ్ల ముందే ఉంది. అందువల్ల ఈసారీ అదే చేస్తుందని రాయడం సహజంగా అనిపించింది. అయితే నోట్ పంపే ముందు అంకెను విడదీసి చూసే అలవాటు ఒకటి ఉండేది, దాని వల్ల నిలబడ్డాను.

ఆగస్టు 14న వెలువడిన అసలు గణాంకాలతోనే ఆ విడదీతను ఇక్కడ చూపిస్తాను. జూన్‌లో 4.87 శాతంగా ఉన్న ద్రవ్యోల్బణం జులైలో 7.44కు చేరింది, అంటే ఒక్క నెలలో 2.57 పాయింట్ల పెరుగుదల. జూన్‌లో కూరగాయలు అంతకుముందు ఏడాది కంటే స్వల్పంగా చౌకగానే ఉన్నాయి. జులైలో అవి ఏకంగా 37 శాతం పైచిలుకు ప్రియమయ్యాయి. 6.04 శాతం వాటాను 37తో గుణిస్తే రెండుంబావు పాయింట్లు వస్తాయి. అంటే ఆ నెల పెరుగుదలలో అత్యధిక భాగం ఒక్క కూరగాయల బుట్టలోనే ఉంది. అందులోనూ టమాటా ధర ఏడాది క్రితంతో పోలిస్తే మూడింతలైంది. దాని వాటా అర శాతం చిల్లరే అయినా, రెండు వందల శాతం పెరుగుదలతో గుణిస్తే సుమారు ఒక పాయింటు దాని ఖాతాలోకే వెళుతుంది. అదే నెలలో కీలక ద్రవ్యోల్బణం 5 శాతం లోపుకు దిగివచ్చింది. ఏడాది క్రితం 6 దగ్గర కదలకుండా కూర్చున్నది ఇదే.

కాబట్టి రెండు ఏడు శాతాలూ ఒకటి కావు. మొదటిదానిలో నూనె, గోధుమ, ఇంధనం, రవాణా, బట్టలు, సేవలు అన్నీ కలిసి పైకి నడుస్తున్నాయి. రెండోదానిలో ఒక బుట్ట ఎగిరింది, మిగతా ఇల్లు నెమ్మదిగా చల్లబడుతోంది.

ఇప్పుడు రెపో రేటు పెంచితే ఏమవుతుందో యార్డు వైపు నుంచి ఆలోచించాలి. వడ్డీ పెరిగితే అప్పు చేసి కొనేవారు తగ్గుతారు, ఇల్లు, వాహనం, యంత్రం కొనుగోళ్లు వాయిదా పడతాయి, కొన్ని త్రైమాసికాల తర్వాత ఆ మేరకు గిరాకీ తగ్గి ధరల మీద ఒత్తిడి సడలుతుంది. ఎవరూ అప్పు తెచ్చి టమాటా కొనరు. టమాటా తిరిగి చౌక కావడానికి పట్టే కాలం కొత్త నారు కాపుకొచ్చే రెండు మూడు నెలలు. రెపో ప్రభావం పూర్తిగా కనబడడానికి పట్టే కాలం అంతకు ఎన్నో రెట్లు. ఆగస్టులో పెంచిన వడ్డీ ఆర్థిక వ్యవస్థకు తగిలే నాటికి ఆ తోటలు ఎప్పుడో కోతలు ముగించి ఉంటాయి.

రైతు వైపు మరో సంగతి ఉంది, దీన్ని ద్రవ్య విధానంపై రాసేవాళ్లు తరచూ వదిలేస్తారు. 3 లక్షల రూపాయల వరకు స్వల్పకాలిక పంట రుణానికి ప్రభుత్వ వడ్డీ రాయితీ పథకం కింద రైతు కట్టేది 7 శాతం, గడువులోగా కడితే మరో 3 శాతం తగ్గి 4 శాతం. రెపో 4 శాతం ఉన్నప్పుడూ అంతే, 6.50 అయినప్పుడూ అంతే. అంటే టమాటా సరఫరా నిర్ణయించే మనిషికి రిజర్వు బ్యాంకు వడ్డీ చేరనే చేరదు. అదే రేటు తిన్నగా చేరేది ఎవరికంటే, టమాటా కొనడానికి ఇబ్బంది పడుతున్న గృహ రుణగ్రహీతకు. నా మొదటి ప్రతిని వెనక్కి తీసుకోవడానికి ఇదే నిర్ణయాత్మకమైన కారణం.

కమిటీ ఏం చేసింది

గణాంకం ఇంకా వెలువడక ముందే, రాబోయేది తెలిసే, 2023 ఆగస్టు 10న కమిటీ రెపోను 6.50 శాతం దగ్గరే ఉంచింది. జులై–సెప్టెంబరు త్రైమాసికానికి ద్రవ్యోల్బణ అంచనాను 5.2 నుంచి 6.2 శాతానికి పెంచింది. అంటే కళ్లు మూసుకుని ఊరుకోలేదు. కూరగాయల దెబ్బను దాటి చూస్తామనీ, అది మిగతా ధరలకూ ప్రజల అంచనాలకూ అంటుకుంటే మాత్రం చూస్తూ కూర్చోబోమనీ నాటి గవర్నరు శక్తికాంత దాస్ స్పష్టం చేశారు. నా అభిప్రాయంలో నిర్ణయానికి ప్రాణం ఆ రెండో భాగంలో ఉంది.

వడ్డీని ముట్టుకోకపోయినా అదే రోజు డబ్బును మాత్రం ముట్టుకున్నారు. మే 19న 2,000 రూపాయల నోట్ల ఉపసంహరణ ప్రకటించాక ఆ నోట్లు డిపాజిట్లుగా బ్యాంకులకు చేరి మిగులు నిధులు ఉబ్బాయి. మే 19 నుంచి జులై 28 మధ్య పెరిగిన డిపాజిట్లపై అదనంగా 10 శాతం నగదు నిల్వ ఉంచాలని బ్యాంకులను ఆదేశించి, అక్టోబరు 7 నాటికి దాన్ని దశలవారీగా ఎత్తేశారు. బయటివారికి పెద్దగా కనబడని ఈ చర్య 2021 పొరపాటు నుంచి నేర్చుకున్నదని నేను అనుకుంటాను. సరఫరా దెబ్బ తగిలిన వేళ చౌక డబ్బు చుట్టూ పేరుకుని ఉండకూడదు.

అసలు పని ప్రభుత్వం వైపు జరిగింది. జాతీయ సహకార సంస్థలైన నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్‌లు ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర యార్డుల్లో టమాటా కొని ఉత్తరాది నగరాల్లో జులై 14 నుంచి కిలో 90 రూపాయలకు, ఆ తర్వాత దశలవారీగా ఇంకా తక్కువకు అమ్మాయి. జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతులను నిషేధించారు. ఆగస్టు 19న ఉల్లి ఎగుమతిపై 40 శాతం సుంకం వేశారు. ఆగస్టు చివర్లో వంటగ్యాస్ సిలిండర్‌పై 200 రూపాయలు తగ్గించారు. వీటిలో కొన్ని కొనుగోలుదారుకు మేలు చేస్తూనే రైతుకు నష్టం తెచ్చాయి. ధర పడిపోయినప్పుడు ఏ సంస్థా యార్డుకు రాక, ధర పెరిగినప్పుడు మాత్రం ఎగుమతి ద్వారం మూసుకుపోతే, తర్వాతి సీజనులో రైతు విత్తే విస్తీర్ణం తగ్గుతుంది. ఆ తగ్గుదల మళ్లీ ద్రవ్యోల్బణ గణాంకంగానే మన ముందుకు వస్తుంది.

ద్రవ్యోల్బణం ఆగస్టులో 6.83 శాతానికి, సెప్టెంబరులో 5.02 శాతానికి దిగింది. జులై ధరలు చూసి అందరూ నాటిన తోటలు ఒక్కసారే కాపుకు రావడంతో, సెప్టెంబరులో టమాటా ధర రాయలసీమ యార్డుల్లో కిలో పది రూపాయల లోపుకు పడిపోయింది. కమిటీ అంచనా నిజమైంది. ఆగస్టులో రేటు పెంచి ఉంటే ఈ పతనం ఘనత కూడా ఆ పెంపుకే దక్కేదని, దాని మీద మరో తప్పుడు పాఠం నేర్చుకునేవాళ్లమని నేను తరచూ అనుకుంటాను.

మరుసటి ఏడాది జులైలో ద్రవ్యోల్బణం 4 శాతం లోపుకు వచ్చినప్పుడు సంబరపడ్డవాళ్లకు ఒక మాట చెప్పాల్సి వచ్చింది. ఏడాదికి ఏడాది పోల్చే లెక్కలో, పోలిక పెట్టే పాత నెల ఎత్తుగా ఉంటే కొత్త నెల పొట్టిగా కనబడుతుంది. ధరలు తగ్గలేదు, పెరుగుదల వేగం తగ్గింది, అదీ పోలిక వల్ల ఎక్కువగా. 2024 అక్టోబరులో కూరగాయలు మళ్లీ 42 శాతం పెరిగి ద్రవ్యోల్బణం 6.21 శాతానికి చేరడం ఈ సంగతిని రుజువు చేసింది.

ఆహారాన్ని పక్కన పెట్టాలా

ఈ ఎత్తుపల్లాలు చూసి, ఆహారాన్ని తీసేసిన ద్రవ్యోల్బణాన్నే లక్ష్యంగా పెట్టుకోవచ్చేమో పరిశీలించాలని 2023–24 ఆర్థిక సర్వే సూచించింది. టమాటా కేసును ఇంత వివరంగా చెప్పిన నేను దాన్ని సమర్థిస్తాననుకోవడం సహజం. సమర్థించను. ఒక దెబ్బను దాటి చూడడం వేరు, సగం ఇంటి ఖర్చును లెక్కలోంచే తీసేయడం వేరు. జీతం పెంచమని అడిగే కార్మికుడు, కూలి పెంచమని అడిగే మహిళ కీలక ద్రవ్యోల్బణాన్ని చూసి అడగరు, బియ్యం, పప్పు, నూనె, పాలు, కూరగాయల ధర చూసి అడుగుతారు. రిజర్వు బ్యాంకు జరిపే గృహస్థుల సర్వేల్లో ధరలపై ప్రజల అంచనా అధికారిక గణాంకం కంటే ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది, దానికి రోజూ కొనే వస్తువులే ముఖ్య కారణం. ఆహార ధరలు ఏడాదిన్నర పాటు వదలకుండా ఎక్కువగా ఉంటే అవి కూలిలోకి, కూలి నుంచి సేవల ధరల్లోకి ఎక్కుతాయి. అప్పుడు ఆహారాన్ని మినహాయించిన సూచీ కూడా, ఆలస్యంగానైనా, అదే మాట చెబుతుంది.

దీనికి ఎదుటి వాదన బలమైనదే. 2024 వేసవికి కీలక ద్రవ్యోల్బణం 3 శాతం చుట్టూ ఉండగా రెపో 6.50 శాతం దగ్గరే ఉండడం వృద్ధిని అనవసరంగా నొక్కుతోందని జయంత్ వర్మ, మరో బయటి సభ్యురాలు ఆషిమా గోయల్ ఆ ఏడాది జూన్, ఆగస్టు సమావేశాల్లో తగ్గింపుకు ఓటు వేశారు. జులై–సెప్టెంబరు త్రైమాసికపు జీడీపీ వృద్ధి మొదటి అంచనాలో 5.4 శాతంగా తేలినప్పుడు వారి మాటకు బరువు పెరిగింది. 2021లో తొందరగా బిగించాలన్న సభ్యుడే 2024లో తొందరగా సడలించాలనడం నాకు ఆదర్శంగా అనిపించింది. ఆయన ఏ పక్షానికీ కట్టుబడలేదు, ప్రతిసారీ అంకెను విప్పి చూశారు.

తగ్గింపు చివరికి 2025 ఫిబ్రవరి 7న, కొత్త గవర్నరు సంజయ్ మల్హోత్రా హయాంలో మొదలైంది. ఫిబ్రవరి, ఏప్రిల్‌లలో పావు శాతం చొప్పున, జూన్ 6న అర శాతం, డిసెంబరు 5న మరో పావు శాతం తగ్గి రెపో 5.25 శాతానికి వచ్చింది. 2025 అక్టోబరులో ద్రవ్యోల్బణం 0.25 శాతంగా నమోదైంది, ఆ శ్రేణిలో అదే అత్యల్పం. దాన్ని కిందికి లాగింది కూడా ప్రధానంగా కూరగాయలే. అదే నెలలో కీలక ద్రవ్యోల్బణం మాత్రం బంగారం ధర వల్ల 4 శాతం పైనే ఉంది. 7.44ను చూసి భయపడకూడదన్న తర్కమే 0.25ను చూసి మురిసిపోకూడదని కూడా చెబుతుంది.

వడ్డీ ఎవరికి చేరింది

చివరిగా ఒక ఖాతా లెక్క. ఇది ఏ ఒక్కరిదీ కాదు, 2021 చివర్లో మా ప్రాంతంలో ఇచ్చిన ఎన్నో గృహ రుణాల నమూనా. 30 లక్షల రూపాయలు, 20 ఏళ్లు, 6.75 శాతం ఫ్లోటింగ్ వడ్డీ. నెల వాయిదా సుమారు 22,811 రూపాయలు. 2019 అక్టోబరు నుంచి ఇలాంటి రుణాలు రెపో వంటి బయటి ప్రమాణానికి ముడిపడి ఉన్నాయి, మూడు నెలలకొకసారైనా రేటు సవరించాలి. 2023 ఫిబ్రవరి తర్వాత ఆ ఖాతా వడ్డీ 9.25 శాతం. అప్పటికి బాకీ 29 లక్షల 45 వేల దగ్గర ఉంటే ఒక్క నెల వడ్డీయే దాదాపు 22,700. వాయిదా మార్చకుండా కాలపరిమితి పొడిగిస్తూ పోతే అసలుకు జమయ్యేది నెలకు నూరు రూపాయలకు అటూఇటూ.

అలాంటి ఖాతా ఉన్న ఒక ఉపాధ్యాయుడు స్టేట్‌మెంటు చేతిలో పట్టుకుని వచ్చి, “ఒక్క వాయిదా కూడా తప్పలేదు కదా సార్, మరి అప్పు ఎందుకు తగ్గడం లేదు?” అని అడిగారు. కాలపరిమితి పెరిగిన సంగతి ఆయనకు ముందుగా అర్థమయ్యేలా చెప్పినవారు లేరు. ఆ తప్పు మాది. 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు జారీ చేసిన ఆదేశాలు ఈ లోపాన్నే లక్ష్యం చేసుకున్నాయి. రేటు మారినప్పుడు వాయిదాపైనా కాలపరిమితిపైనా పడే ప్రభావాన్ని తెలియజేయాలి, వాయిదా పెంచుకోవడమా కాలం పెంచుకోవడమా అనే ఎంపిక రుణగ్రహీతకు ఇవ్వాలి, అప్పటి నిబంధన ప్రకారం స్థిర వడ్డీకి మారే అవకాశం చూపాలి, వాయిదా ఆ నెల వడ్డీకైనా చాలకుండా పోయే స్థితి రానివ్వకూడదు. ఆ ఉపాధ్యాయుడితో కూర్చుని రెండు లెక్కలూ కాగితం మీద వేశాం. మిగిలిన గడువులోనే తీరాలంటే వాయిదా 27 వేలు దాటుతుంది. నెలకు నాలుగు వేలకు పైగా అదనం. ఆయన వాయిదా సగం పెంచుకుని, మిగతా సగానికి కాలం పెంచుకున్నారు.

వాయిదా అసలు ముట్టుకోని ఖాతాల లెక్క 2025 డిసెంబరు తగ్గింపు తర్వాత మళ్లీ వేశాను. వడ్డీ 8 శాతానికి దిగింది, టమాటా ఎన్నోసార్లు ఎక్కి దిగింది, ద్రవ్యోల్బణం 7 నుంచి సున్నా దగ్గరికి వచ్చింది. మొదటి ఒప్పందం ప్రకారం ఆ రుణానికి అప్పటికి 16 ఏళ్లు మిగిలి ఉండాలి. అదే వాయిదాతో నడిస్తే ఇంకా 24 ఏళ్లకు పైగా ఉంది. ఆ ఖాతాదారుల జాబితా శాఖలవారీగా తీసి, ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడాలని ఈసారి నోట్‌లో మొదటి పేరాలోనే రాశాను.